కుదురుకొనుట వేరు, కట్టబడుట వేరు

ధ్యాన భాగము: అపొస్తలుల కార్యములు 27:13–32



ఈ సంచికలో ఒక చిన్న పడవను గూర్చియు, దానిని కట్టు త్రాళ్లను గూర్చియు మీతో కలిసి ధ్యానింపగోరుచున్నాము. ఓడ అనగానే మనకు నోవహు ఓడ, యోనా ఎక్కిన ఓడ, గలిలయ సముద్రములో ప్రభువు నిద్రించిన దోనె జ్ఞాపకము వచ్చును. పౌలును రోమాకు తీసికొనిపోవు ఓడ కూడ మనకు తెలియును. అయితే ఆ పెద్ద ఓడకు సంబంధించిన ఒక చిన్న పడవను మనము అంతగా గమనింపము. లూకా మాత్రము దానిని మరువలేదు. ఈ ఒక్క అధ్యాయములో 16, 30, 32 వచనములలో మూడు మారులు దానిని ప్రస్తావించెను.

జరిగిన సంగతి ఇది. మంచిరేవులను విడిచినప్పుడు దక్షిణపు గాలి మెల్లగా ఉండెను. అంతయు తాము అనుకొనినట్లే జరుగుచున్నదని నావికులు తలంచిరి. కొంతసేపటికే ఊరకులోను అను పెనుగాలి విసరెను. ఓడ గాలికి ఎదురు నిలువలేక కొట్టుకొనిపోయెను. అప్పుడు కౌద అను చిన్న ద్వీపము చాటున కొంచెము నెమ్మది దొరికెను. ఆ నెమ్మదిలో వారు రెండు పనులు చేసిరి. వెనుక ఈడ్వబడుచున్న పడవను ఎంతో ప్రయాసతో పైకిలాగి భద్రము చేసిరి. తరువాత ఓడ పలకలు విడిపోకుండునట్లు దాని చుట్టు త్రాళ్లు వేసి బిగించిరి. మూల భాషలో చూచినయెడల, పడవను పైకిలాగిన కష్టమును చెప్పునప్పుడు లూకా "మేము" అను మాట వాడియున్నాడు. ఆయన వైద్యుడు, నావికుడు కాడు. అయినను ఆ త్రాడు మీద ఆయన చేయి కూడ ఉండెనని ఆ మాట తెలుపుచున్నది.

ప్రియులారా, నీళ్లమీద తిరుగవలసిన పడవ మరియొక దానిమీద ఎక్కి ప్రయాణము చేయునప్పుడు దానిని ఎట్లు కట్టవలెను? ఇది అపొస్తలుల కాలపు ప్రశ్న మాత్రమే కాదు, నేటికిని ఉన్నది. హైదరాబాదులోని హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవల పోటీలు జరుగుచుండును. పేద కుటుంబముల పిల్లలు కూడ అక్కడ పడవ నడుపుట నేర్చుకొనుచున్నారు. చిన్నపిల్లలు నడుపు ఆప్టిమిస్ట్ పడవ పొడవు 2.3 మీటర్లు, బరువు 35 కిలోలు. పెద్దవారు ఒంటరిగా నడుపు లేజర్ పడవ పొడవు 4.23 మీటర్లు, దాని డొల్ల బరువు సుమారు 59 కిలోలు. ఇట్టి పడవలు ఒక ఊరి నీళ్లనుండి మరియొక ఊరి నీళ్లకు ట్రైలరుమీదనో లారీమీదనో పోవలెను. హుస్సేన్ సాగర్‌లో తేలిన పడవ తూత్తుకుడి సముద్రమును చేరవలెనన్న, కర్నూలు, అనంతపురము, బెంగళూరు, హోసూరు, కృష్ణగిరి దాటి మన ధర్మపురి మీదుగానే రావచ్చును. ఒకప్పుడు 7వ నంబరుగా ఉండి, 2010 తరువాత 44వ నంబరు పొందిన జాతీయ రహదారి ఇదే. తెలుగు నేలనుండి మన కుటుంబములలో అనేకులను ఈ ప్రాంతమునకు తెచ్చిన దారియు ఇదే.

ఆ ట్రైలరును ఒకసారి మనస్సులో చిత్రించుకొందము. పడవ అడుగు గుండ్రముగా ఉండును గనుక దానికి తగినట్లు మెత్త వేసిన ఆనికలు అమర్చుదురు. పడవ వాటిలో చక్కగా ఒదిగి కూర్చుండును. చేతితో కదిపినను కదలదు. చూచువారికి ఇక భయము లేదనిపించును. అయితే అది కుదురుకొనినది గాని ఇంకను కట్టబడలేదు. బండి నిలిచియున్నంతసేపు ఈ రెంటికిని భేదము కనబడదు. బండి కదలినప్పుడు, మలుపు తిరిగినప్పుడు, ముందుపోవు వాహనము హఠాత్తుగా ఆగినప్పుడు ఆ భేదము బయటపడును. బడిలో మనము చదువుకొనిన జడత్వ నియమమే ఇది. బండికి బ్రేకు వేయవచ్చును గాని పడవకు బ్రేకు లేదు. బండి ఆగినను పడవ తన వేగముతో ముందుకు పోజూచును.

స్థిరపడిన సంఘములమైన మనకు ఇందులో దేవుడు ఒక మాట చెప్పుచున్నాడని మేము నమ్ముచున్నాము. మనకు మందిరము కలదు, తెలుగు ఆరాధన కలదు. క్రిస్మస్ కూడిక, కోత పండుగ, స్త్రీల సమాజము, బంధువర్గము ఉన్నవి. ఇవన్నియు మంచి ఆనికలు. పరాయి భాషా ప్రాంతములో మన విశ్వాసమునకు ఒదిగి కూర్చుండు చోటు దొరుకుట దేవుని కృపయే. అయినను ఆనిక త్రాడు పని చేయదు. కుదురుకొనుట వేరు, కట్టబడుట వేరు. మన పిల్లలు ఈ ఊరు విడిచి హోసూరుకు, బెంగళూరుకు, తిరుప్పూరుకు, చెన్నైకి పనులకును చదువులకును బయలుదేరునప్పుడు వారి వెంట మందిరము పోదు, కోత పండుగ పోదు. వారిని పట్టియుంచునది ఏది? ఈ ప్రశ్ననే మీ ఎదుట ఉంచుచున్నాము.

మొదటిది, నెమ్మదిగా ఉన్నప్పుడే కట్టవలెను.

పౌలు ఎక్కిన ఓడవారు పడవను కౌద చాటున కట్టిరి. ఆ చాటు దాటిన తరువాత కట్టవలెనన్న వీలుపడియుండదు. మనకు ధర్మపురి అట్టి చాటు. ఇక్కడనుండి సేలము వైపు పోవువారికి తొప్పూరు ఘాటు వచ్చును. దీర్ఘమైన పల్లము, దానిలో మలుపులు. ఆ దిగుడులో 2020 డిసెంబరులోను, 2024 జనవరిలోను జరిగిన ఘోర ప్రమాదములు మనము మరువలేదు. పల్లములో బరువు ఎట్లు త్రోయునో ఆ దారి ఎరిగిన డ్రైవర్లకు చెప్పనవసరము లేదు. బుద్ధిగల డ్రైవరు ఘాటు రాకముందే బండి ఆపి, దిగి, చుట్టు తిరిగి, ప్రతి కట్టును చేతితో లాగి చూచును. పల్లములో సగము దిగిన తరువాత త్రాడు వెదకువాడు ఏమి చేయగలడు?

అట్లే పిల్లలు మన ఇంటిలో, మన భోజనపు బల్లయొద్ద ఉన్న దినములే మనకు కౌద చాటు. పదవ తరగతి ముగిసి, తరువాతి చదువు ముగిసి, ఉద్యోగపు పిలుపు వచ్చి, పెట్టె సర్దుకొను దినమున ప్రార్థన నేర్పుదుమనుట పల్లములో త్రాడు వెదకుటయే. కుటుంబ ప్రార్థనకు పది నిమిషములు చాలును. కాని ఆ పది నిమిషములు నేటి దినమున ఉండవలెను.

రెండవది, బలమైన చోట, తగినంతగా కట్టవలెను.

పడవను కట్టువారు ఇప్పుడు లారీవారు బెల్టు అని పిలుచు నేతపట్టీని వాడుదురు. దానిని బిగించు మరను రాట్చెట్ అందురు. పిడిని అటునిటు ఆడించినకొలది పళ్లచక్రము ఒక్కొక్క పన్నుగా పట్టుకొనుచు, పట్టీని వెనుకకు జారనీయదు. అది చాలా బలమైన సాధనము. బలమైనది గనుకనే దానిని వివేకముతో వాడవలెను.

పట్టీ ఎక్కడ వేయవలెను? క్రింద ఆనిక ఉన్న చోటనే పైన పట్టీ వేయవలెను. క్రింద ఆధారము లేని చోట వేసి బిగించినయెడల డొల్ల లోపలికి వంగును. పట్టీ అంచుమీద పోవు చోట మెత్తని గుడ్డయైనను రబ్బరు ముక్కయైనను పెట్టవలెను. లేనియెడల పడవ అంచు పట్టీని కోయును, పట్టీ పడవ అంచును నలుపును. అనివి, అనగా పడవ ముందు కొన, వద్దనున్న కడియమును ముందుకు కట్టవలెను. పడవను పైకిలాగిన పట్టీ ఒక్కటే చాలదు, మరియొక గొలుసు కూడ ఉండవలెను. అమరము, అనగా వెనుక భాగము, రెండు ప్రక్కల క్రిందికి కట్టబడవలెను. తెరచాప కొయ్యను దించి, పడవ పొడవున పరుండబెట్టి, రెండు కొనలయందును నడుమను కట్టవలెను. నిలువుగా ఉంచినయెడల కరెంటు తీగలకు తగులును. చుక్కానిని తీసి వేరుగా ఉంచవలెను.

ఎంత బలముతో కట్టవలెను? అమెరికా దేశపు రవాణా నిబంధనలలో ఒక లెక్క ఉన్నది. ముందుకు జారకుండుటకు లోడు బరువులో పదింట ఎనిమిది వంతుల బలమును, వెనుకకు గాని ప్రక్కలకు గాని జారకుండుటకు పదింట ఐదు వంతుల బలమును కట్టు ఓర్చుకొనవలెను. ముందుకు ఎందుకు ఎక్కువ? బండ్లు హఠాత్తుగా ఆగును గనుక. ప్రతి పట్టీమీద అది మోయదగిన బరువు వ్రాయబడియుండును. అది పట్టీ తెగు బరువులో సాధారణముగా మూడవ వంతో సగమో మాత్రమే. తెగువరకు లాగి చూచుట బుద్ధిమంతుల పని కాదని దీని భావము.

ఇంకొక సంగతి. 35 కిలోల పడవ తేలికైనదే, దానిని ఇంతగా కట్టవలెనా అని అడుగవచ్చును. తేలికైనది గనుకనే కట్టవలెను. రహదారి వేగములో గాలి క్రింద దూరి తేలికైన డొల్లను ఎత్తివేయును. పెద్దలకు చిన్నదిగా కనబడు బాలుని విశ్వాసము కూడ అట్టిదే. చిన్నపిల్లవాడు గదా, పెద్దయిన తరువాత చూచుకొందమని చెప్పదగదు.

ఇప్పుడు ఆత్మీయముగా ఆలోచించుదము. దేవుని వాక్యము, ప్రార్థన, సహవాసము, ప్రభువు బల్ల, ఇవి మనలను క్రీస్తునకు కట్టు పట్టీలు. క్రింద ఆనిక ఉన్న చోట, అనగా పిల్లవాడు ప్రభువును తాను స్వయముగా ఎరిగిన చోట, ఈ పట్టీలు గట్టిగా పట్టును. ఆనిక లేని చోట బిగించినయెడల డొల్ల పగులును. "నీవు తెలుగులోనే ప్రార్థించవలెను, తమిళములో చదువకూడదు, ఆ కూడికకు పోకూడదు" అని కేవలము గద్దింపుతో బిగించిన కట్టు ఎంతకాలము నిలుచును? తమిళ బడిలో చదివిన బిడ్డ తమిళ బైబిలు తెరచినప్పుడు సంతోషించుదము. ఆ బిడ్డకు తెలుగు అక్షరములు నేర్పుదము, అది మన బాధ్యత. తాత అమ్మమ్మల పాటలు, ప్రార్థనలు వారికి అర్థము కావలెను గదా! అయితే తెలుగు ఆనిక, క్రీస్తు ప్రేమ పట్టీ. ఈ రెంటిని మార్చి పెట్టరాదు. కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 3వ అధ్యాయములో పౌలు ఎన్నో సద్గుణములను చెప్పి, చివరకు వాటన్నిటిని కూర్చి కట్టునది ప్రేమయేనని బోధించుచున్నాడు. అంచుమీద పెట్టు మెత్తని గుడ్డయు ఆ ప్రేమయే. అది లేకుండ బిగించినయెడల తండ్రి మాట కుమారుని కోయును, కుమారుని ఎదురుమాట తండ్రిని నలుపును.

మూడవది, కట్టినదానిని మరల చూచుకొనవలెను.

కట్టు విడిపోవుట అనగా తెగిపోవుట అని మనము తలంచుదుము. ఎక్కువగా జరుగునది అది కాదు. త్రాడు తెగదు, సడలును. బండి కదలిన తరువాత మొదటి కొన్ని కిలోమీటర్లలోనే పడవ కుదుపులకు ఆనికలలో మరికొంత దిగును. ఆ కొద్దిపాటి దిగుడుకే పట్టీ వదులగును. వదులైన పట్టీ గాలికి కొట్టుకొని ఇంకను వదులగును. అందుచేతనే అనుభవజ్ఞులు పట్టీని బల్లపరుపుగా వేయక ఒక మెలిక త్రిప్పి వేయుదురు. మిగిలిన కొనను వ్రేలాడనీయక ముడివేయుదురు. ఎండలో ఎక్కువకాలము ఉన్న పట్టీ చూచుటకు బాగుగానే ఉన్నను బలము కోల్పోవును. వానకు తడిసిన నైలాను త్రాడు సాగును. పైన చెప్పిన నిబంధనలలోనే, బయలుదేరిన మొదటి 50 మైళ్లలోపల, అనగా 80 కిలోమీటర్లలోపల, డ్రైవరు ఆగి కట్లు పరీక్షింపవలెనని ఉన్నది. హోసూరులో కట్టిన లోడును ధర్మపురి చేరులోపలనే ఒకసారి చూడవలెనన్నమాట.

విశ్వాసము విషయములోను అంతే. ఒక దినమున ప్రభువును విడిచిపోదునని నిర్ణయించుకొని పోవువారు బహు కొద్దిమంది. ఒక ఆదివారము డ్యూటీ, మరుసటి ఆదివారము నిద్ర, ఆ మరుసటి ఆదివారము స్నేహితులు. గట్టిగా ఏ శబ్దమును వినబడదు. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 2వ అధ్యాయము మొదటి వచనములోని హెచ్చరిక ఇట్టివారి కొరకే. యెషయా 33వ అధ్యాయము 23వ వచనమును కూడ చదువుడి. అక్కడ ప్రవక్త చూపించు ఓడ బండకు తగిలి పగిలినది కాదు. దాని త్రాళ్లు వదులైనవి, అందుచేత కొయ్య నిలువదు, చాప విచ్చుకొనదు. ఓడ చూపునకు బాగుగానే యున్నది, పనికి మాత్రము రాదు.

గనుక మేము మన సంఘములకు ఒక విన్నపము చేయుచున్నాము. మన యౌవనస్థులు ఊరు విడిచిన తరువాత మొదటి నెలయే వారికి ఆ మొదటి 80 కిలోమీటర్లు. ఫోనులో మనము ఏమి అడుగుచున్నాము? అన్నము తిన్నావా, జీతము వచ్చెనా, గది బాగున్నదా అని అడుగుదుము. అది తలిదండ్రుల ప్రేమయే. దానితోపాటు, ఈ ఆదివారము ఏ మందిరమునకు పోయితివి, నీ ప్రక్కన ఎవరు కూర్చుండిరి అని కూడ అడుగుదము. ప్రతి సంఘమును బయటికి పోయినవారి పేర్లు వ్రాసియుంచుకొని, మొదటి నెలలోనే వారున్న ఊరి సంఘమునకు పరిచయ పత్రిక పంపవలెను. పౌలు కెంక్రేయ సంఘ పరిచారకురాలైన ఫీబేను గూర్చి రోమా సంఘమునకు వ్రాసియున్నాడు గదా, రోమీయులకు 16వ అధ్యాయము ఆ మాటతోనే మొదలగుచున్నది. ఆ ఊరిలో తెలుగు సంఘము లేనియెడల తమిళ సంఘమునకో కన్నడ సంఘమునకో వ్రాయుడి. ఇది పాస్టరుగారి పని మాత్రమే అనవద్దు. వైద్యుడైన లూకా త్రాడు లాగెను. మనలో టీచర్లు, డ్రైవర్లు, నర్సులు, వ్యాపారులు ఎందరో ఉన్నారు. ఒక్కొక్కరు ఒక్క పేరు తీసికొనుడి.

చివరిది, కట్టు విప్పు దినము ఒకటి కలదు.

మన జిల్లాలోని హోగేనక్కల్‌లో కావేరిమీద పుట్టులు తిరుగుటను మీరు చూచియుందురు. తమిళులు వాటిని పరిసల్ అందురు. నేలమీద నడుచునప్పుడు పుట్టివాడు దానిని బోర్లించి తన వీపున వేసికొని మోయును. నీళ్లయొద్దకు వచ్చినప్పుడు దానిని దించి నీళ్లమీద వదలును. నీళ్లమీద దించుటకే గదా వీపున మోసెను! ట్రైలరుమీది పడవయు అంతే. రేవు చేరిన తరువాత కూడ పట్టీలు విప్పనివాడు పడవను కాపాడినవాడు కాడు, దాని పనిని ఆపినవాడు. మనము పిల్లలను కట్టునది మన చెంత ఉంచుకొనుటకు కాదు. దేవుడు వారికి చూపు నీళ్లమీద వారు తెరచాప ఎత్తుటకే. ఆ నీళ్లు బెంగళూరు కావచ్చును, పరదేశము కావచ్చును, మనకు తెలియని భాషలో సేవ కావచ్చును.

మన తెలుగు బాప్టిస్టు పితరులు త్రాటిని ఎరిగినవారే. 1876 మొదలు 1878 వరకు మద్రాసు రాజధానిలో గొప్ప కరువు కలిగినప్పుడు, ఒంగోలులో సేవచేయుచుండిన జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు ఆకలిగొన్నవారికి కూలి దొరకవలెనని బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకములో కొంత భాగమును కంట్రాక్టు తీసికొనిరి. ఆ కాలువలో గాలి ఉన్నప్పుడు పడవలు తెరచాపతో పోయెడివి. గాలి లేనప్పుడు మనుష్యులు గట్టుమీద నడచుచు త్రాటితో లాగెడివారు. త్రాడు మరీ వదులైతే నీళ్లలో పడును, పడవ నిలుచును. ఒక్కసారిగా లాగితే పడవ గట్టుకు కొట్టుకొనును. లాగువాడు పడవతో సమముగా నడువవలెను. హోషేయ 11వ అధ్యాయములో దేవుడు తన ప్రజలను ప్రేమ బంధములతో నడిపించిన సంగతి చదువునప్పుడు ఈ త్రాటిని జ్ఞాపకము చేసికొనుడి.

లూకా చెప్పిన చిన్న పడవ చివరకు ఏమాయెను? పదునాలుగవ రాత్రి నావికులు లంగరులు వేయు నెపముతో దానిని దించి, తాము మాత్రము తప్పించుకొనజూచిరి. పౌలు హెచ్చరింపగా సైనికులు ఆ త్రాళ్లు కోసి పడవను పోనిచ్చిరి. అంత కష్టపడి భద్రము చేసిన పడవ అది! అయితే కొందరు మాత్రమే తప్పించుకొని మిగిలినవారిని విడిచిపోవుటకు అది సాధనమైనప్పుడు, దాని త్రాళ్లు కోయుటయే మేలాయెను. ఓడలోని 276 మందియు క్షేమముగా దరి చేరిరి. కాబట్టి మనము దేనిని కట్టవలెనో, దేనిని కోయవలెనో ప్రభువును అడుగుదము. మన ఇల్లు, మన సంఘము, మనవారు మాత్రమే బాగుండవలెనను పడవ మనలో ఉన్నయెడల దాని త్రాళ్లు కోసివేయుదము. అందరిని కలిపి దరి చేర్చు త్రాళ్లను గట్టిగా బిగించుదము.

కుదురుకొనిన సంఘములారా, దేవుడు మీకిచ్చిన నెమ్మది కొరకు ఆయనను స్తుతించుడి. ఆ నెమ్మది ఉండగానే లేచి చుట్టు తిరిగి, ప్రతి కట్టును చేతితో పట్టి చూడుడి. తన బిడ్డలను జారిపోనీయని ప్రభువు మిమ్మును, మీ పిల్లలను, దూర ప్రాంతములలోనున్న మనవారినందరిని తన ప్రేమ బంధములలో కాపాడును గాక. ఆమేన్.